శుశ్రూషాశబ్దార్థము – గృహమున వృద్ధసేవ

తల్లిదండ్రులను ముదిమియందు పోషింపవలెనను విధి మన ధర్మగ్రంథములలో పలుతావుల గానవచ్చుచున్నది. ఆ విధిని గూర్చి వాదము లేదు. ఆ విధిలో నేమేమి యిమిడియున్నదను విషయము మాత్రము చర్చింపదగినది. అన్నము, వస్త్రము, పడక, ఔషధము సమకూర్చినచో కొడుకు తన కర్తవ్యమును నెరవేర్చినవాడగునా? లేక వీనికి మించినది మఱియొకటి కలదా? కలదన్నచో దాని స్వరూపమెట్టిది? ఈ ప్రశ్నలకు సమాధానమును పదముల వ్యుత్పత్తియందును, ప్రాచీనశాసనములందును, భారతమునందును, వైద్యశాస్త్రమునందును వెదకి, తుదకు నేటి చట్టములతో దానిని సరిపోల్చి చూడవలెనని మా యుద్దేశము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. పోషణము వేఱు, శుశ్రూష వేఱు. పోషణమును దూరమునుండియు జరిపింపవచ్చును; శుశ్రూషను దగ్గఱ నిలిచి చేయవలెను. పోషణము చేయువానికి ముసలివారికేమి యిచ్చితినో తెలియును. శుశ్రూష చేయువానికి వారికేమి యందినదో తెలియును. ఈ రెండింటి నడుమనున్న యెడమే గృహములలో పెక్కు దుఃఖములకు కారణమగుచున్నదని మాకు తోచుచున్నది.

మొదట మాటలను చూతము. ‘శుశ్రూష’ యను పదము ‘శ్రు’ ధాతువుపై ఇచ్ఛార్థమున సన్ప్రత్యయము చేరగా నేర్పడినది. వినవలెనను కోరిక యని దాని తొలి యర్థము. పెద్దలు చెప్పునది వినగోరుట, అందుండి విధేయత, అందుండి సేవ యను నర్థములు క్రమముగ వచ్చినవి. ‘పరిచర్య’ యనగా చుట్టును తిరుగుట. ‘ఉపచారము’ అనగా సమీపమునకు బోవుట. ఇవి సంస్కృతపదములే యైనను తెలుగువారి నోళ్ల చిరకాలముగ నాడుచున్నవి. ఇక తెలుగున ‘కనిపెట్టుకొని యుండుట’ యను చక్కని పలుకుబడి యున్నది. మంచాన పడిన అత్తగారిని కోడలు కనిపెట్టుకొని యున్నదనినచో, ఆమెకు వేళకింత అన్నము పెట్టుచున్నదని మాత్రమే యర్థము గాదు. ఆమె మీద కన్ను వేసి యుంచినదని యర్థము. వినగోరుట, చుట్టు తిరుగుట, దగ్గఱకు బోవుట, కన్ను వేసియుంచుట – ఈ నాలుగింటిలో నొక్కటియు వస్తువు నిచ్చుటను దెలుపదు. నాలుగును సన్నిధినే తెలుపుచున్నవి. ‘భరణ’, ‘పోషణ’ శబ్దములు మాత్రము మోయుటను, పెంపొందించుటను దెలుపును. వానికి సన్నిధితో నియతమైన సంబంధము లేదు.

దీనికి ప్రతిగా వేఱొక మాటను గూడ గమనింపవలసియున్నది. ఛందస్సనగా వేదము, వేదాధ్యయనపరుడు ఛాందసుడు. ఆ శబ్దమునుండి వచ్చిన ‘చాదస్తము’ నేడు ముసలివారి మాటలకు పెట్టిన పేరైనది. చెప్పినదే చెప్పుట, పాతకాలపు పట్టుదల – వీనిని చాదస్తమని త్రోసివైతుము. గౌరవవాచకమునుండి పుట్టిన పదమే వినకుండుటకు సాకుగా మాఱిన తీరిది. శుశ్రూష వినుటకు కోరిక యైనచో, ‘చాదస్తము’ అనుమాట ఆ కోరికకు వేయు గడియ యనవచ్చును.

శుశ్రూషాశబ్దము తెలుగునేలకు క్రొత్తది గాదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడియందు క్రీ. పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని శిలాశాసనములు బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నున్నవి. పదునాలుగు ప్రధానశాసనములును, లఘుశాసనములును ఒకేచోట నుండుట ఆ స్థలమునకు గల విశేషము. తల్లిదండ్రులయెడ శుశ్రూష మంచిదని మూడవ శాసనము చెప్పుచున్నది. నాలుగవ శాసనము తల్లిదండ్రుల శుశ్రూషతోబాటు స్థవిరుల, అనగా వృద్ధుల, శుశ్రూషను గూడ వేఱుగ పేర్కొనుచున్నది. లఘుశాసనమునందును తల్లిదండ్రులు, పెద్దలు శుశ్రూషింపదగినవారను నాజ్ఞ కలదు. రాజు తన ప్రజలకు తెలుపదలచిన ధర్మములలో దీనిని పదేపదే చేర్చుట గమనింపదగినది.

అంతకంటెను ముఖ్యమైనది ఎనిమిదవ శాసనము. పూర్వపురాజులు వేటకై విహారయాత్రలు చేయుచుండగా తాను ధర్మయాత్రలు చేయుచున్నాననియు, ఆ యాత్రలలో వృద్ధులను దర్శించుట, వారికి బంగారమునిచ్చి సహాయపడుట జరుగుచున్నవనియు అశోకుడు చెప్పుకొన్నాడు. ఇందు దర్శనము ముందు, ద్రవ్యము వెనుక చెప్పబడినవి. ద్రవ్యమును పంపుటకు రాజు కదలనక్కఱలేదు, అధికారులు చాలుదురు. చూచుటకు మాత్రము తానే పోవలెను. ఈ క్రమమును శాసనకర్త బుద్ధిపూర్వకముగ పాటించెనో లేదో నిర్ణయింపజాలము గాని, రెండును వేఱువేఱు ధర్మములుగా లెక్కింపబడినవనుట స్పష్టము.

ఇక భారతమునకు వత్తము. గృహమున వృద్ధసేవను గూర్చి ఆశ్రమవాసపర్వముకంటె సూక్ష్మమైన కథ మఱియొకటి మా యెఱుకలో లేదు. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు తెలిగించిన పదునైదు పర్వములలో నిదియు నొకటి. ఇచట మేము మూలకథను ప్రధానముగ ననుసరించుచున్నాము.

యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు నూర్గురు కొడుకులను పోగొట్టుకొని, ఆ కొడుకులను చంపినవారి యింట పదునైదేండ్లు జీవించెను. ధర్మరాజు చేసిన యేర్పాట్లలో లోపమెంచుట కష్టము. రాజార్హములైన శయ్యలు, వస్త్రములు, ఆభరణములు సమకూర్చెను. వంటలో నేర్పరులైన వారిని పూర్వమువలెనే నియోగించెను. విదురుడు, సంజయుడు, యుయుత్సుడు ముసలిరాజును సేవించిరి. కుంతి, ద్రౌపది, సుభద్ర మొదలగువారు గాంధారికి పరిచర్య చేసిరి. రాజ్యకార్యములలో ధృతరాష్ట్రుని యనుమతి గైకొనబడుచుండెను. ఆయన బందీలను విడిపించినను, వధ్యులకు ప్రాణదానము చేసినను ధర్మరాజు మాఱుమాట పలుకలేదు. కొడుకుల శ్రాద్ధములకు కోరినంత ధనమిచ్చెను. ఆయన మాటను పాటించువాడే తనకు మిత్రుడనియు, అతిక్రమించువాడు శత్రువనియు తమ్ములకును మంత్రులకును కట్టడి చేసెను. అన్నము, వసతి, వైభవము, అధికారము – అన్నియు నున్నవి.

ఐనను ధృతరాష్ట్రుడు ఇల్లు విడిచెను. కారణము భీముని మాట. తన బాహువులను చఱచుకొని, గ్రుడ్డిరాజు కొడుకులనందఱను యమసదనమున కనిపినవి యీ బాహువులే యని, ధృతరాష్ట్ర గాంధారులు వినునట్లు స్నేహితుల నడుమ పలికెను. అంతకుముందును తన మనుష్యులచే ముసలిరాజు ఆజ్ఞలను చాటుగ వమ్ముచేయించుచుండెను. ఈ సంగతి ధర్మరాజునకు తెలియదు. అర్జునునకు, కుంతికి, ద్రౌపదికిని తెలియదు.

భీమునియందు తప్పు మోపి యూరకుండుట సులభము. కాని కథ యంత సులభముగ లేదు. బాల్యమున విషము పెట్టబడినవాడు భీముడు, లక్కయింటినుండి బయటపడినవాడు, సభలో ద్రౌపది పరాభవమును కన్నులార చూచినవాడు. వీనినెల్ల వారింపగలిగియు వారింపని పెద్దకు తానిప్పుడు లోబడి మెలగవలెను. మూలము ధృతరాష్ట్రుని మనస్సును గూడ దాచలేదు. కొడుకు జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల ఆయన లోలోన భీమునికి కీడు తలంచుచుండెనని చెప్పినది. వైమనస్యము రెండువైపుల నుండెను. ముసలివారందఱు సాధువులు గారు. సేవచేయువారందఱు గతమును మఱచినవారు గారు. ఒకప్పుడు తమను బాధించిన తండ్రికి, తమను అవమానించిన అత్తకు నేడు అన్నము పెట్టవలసిన వారికి ఈ కథ యద్దమువంటిది. అట్టిచోట ప్రేమను ఆజ్ఞాపింపలేము. మాటను నిగ్రహించుకొనుమని మాత్రము కోరవచ్చును. భారతము భీమునివలన కోరినది అంతకంటె నెక్కువ గాదని మేము తలంచుచున్నాము.

కథలో నింతకంటె మనస్సును కలచు ఘట్టము దీని తరువాత వచ్చును. ధృతరాష్ట్రుడు అడవికిపోవ ననుమతి వేడుచు, తాను కొంతకాలముగ దినమున నాలుగవవేళనో ఎనిమిదవవేళనో కొంచెము తినుచు, దర్భలపై అజినము పఱచుకొని నేలను పరుండుచున్నాననియు, ఈ విషయము గాంధారి యొక్కతెకే తెలియుననియు బయలుపఱచెను. ధర్మరాజు నిశ్చేష్టుడయ్యెను. ఉపవాసములతో కృశించి, నేలను శయనించుచున్న పెద్దతండ్రిని తాను గుర్తింపలేకపోతినని తన్ను తాను నిందించుకొనెను.

ఇట్లేల జరిగెను? వంటవారు వండిరి, వడ్డించువారు వడ్డించిరి, పడకలు పఱచువారు పఱచిరి. పంపినది చేరెనా, చేరినది భుజింపబడెనా యను ప్రశ్న మాత్రము రాజునొద్దకు రాలేదు. ఆయన యిచ్చినది ఆయనకు తెలియును. ముసలివానికి అందినది తెలియదు. కన్నులకు గంత గట్టుకొన్న గాంధారికి తెలిసిన విషయము కన్నులున్న ధర్మరాజునకు తెలియకపోయెను. గాంధారి దగ్గఱ నుండెను, ధర్మరాజు దగ్గఱ లేడు – కారణమింతియే. ‘కనిపెట్టుట’ కన్నులవలననే జరుగునది గాదని దీనివలన తేలుచున్నది.

ఆ పిమ్మట జరిగినదియు నీ యర్థమునే బలపఱచుచున్నది. మాటలాడి యలసిన ధృతరాష్ట్రుడు గాంధారిమీదికి వ్రాలి స్పృహ తప్పెను. ధర్మరాజు పరిచారకులను పిలువలేదు. చల్లని నీటితో తడిపిన తన చేతితోనే వృద్ధుని ఱొమ్మును, మొగమును మెల్లగ నిమిరెను. తెలివివచ్చిన ధృతరాష్ట్రుడు మఱల తన్ను చేతితో తాకుమనియు, కౌగిలింపుమనియు కోరెను. ఆ స్పర్శచే తనకు ప్రాణము వచ్చినట్లున్నదని చెప్పెను. పదునైదేండ్లు రాజభోగముల ననుభవించిన వృద్ధుడు అడిగి తీసికొన్నది ఒక చేతి స్పర్శ. తుదకు వ్యాసుని మాటపై ధర్మరాజు అనుమతింపగా ఆయన వనమునకు వెడలెను. వెడలునపుడు కుంతి ముందు నడువ, ఆమె భుజముపై గాంధారియు, గాంధారి భుజముపై ధృతరాష్ట్రుడును చేయి వేసి నడచిరి.

ఈ కథకు భారతముననే, అరణ్యపర్వమున, ఎదురుకథ యున్నది. అది ధర్మవ్యాధోపాఖ్యానము, తెలుగున ఎఱ్ఱాప్రగడ పూరించిన భాగములోనిది. తపోగర్వముగల కౌశికుడు ధర్మము నెఱుగుటకై మిథిలలో మాంసము విక్రయించు వ్యాధునొద్దకు పోవును. వ్యాధుడు పెక్కు ధర్మములను చెప్పి, తుదకు అతనిని ఇంటిలోనికి గొనిపోయి తన ప్రత్యక్షధర్మమును చూపును. అచట అతని తల్లిదండ్రులు శుభ్రవస్త్రములు ధరించి, భుజించి, సంతుష్టులై, మంచి యాసనములపై కూర్చుండిరి. వ్యాధుడు వారి పాదములపై శిరస్సుంచి నమస్కరించెను. పిమ్మట తాను వారికి చేయు పరిచర్యను వివరించెను: తానే స్నానము చేయించును, తానే కాళ్లు కడుగును, తానే యన్నము పెట్టును, వారికి ఇంపైన మాటలే పలుకును, అప్రియమైన దానిని విడుచును, ఆలుబిడ్డలతో గూడి ఈ సేవను చేయును.

మూలమున ‘స్వయముగ’ నను మాట ఈ సందర్భమున రెండుమాఱులు వచ్చుట యాదృచ్ఛికమని మేము తలంపము. ధర్మరాజు నియోగించెను, ధర్మవ్యాధుడు చేసెను. తానే స్నానము చేయించువానికి ముసలి దేహము చిక్కినదో లేదో తెలియును. తానే యన్నము పెట్టువానికి ఎన్ని ముద్దలు మ్రింగిరో, ఎన్ని విస్తరిలో మిగిలెనో తెలియును. ధృతరాష్ట్రుని రహస్యోపవాసము వ్యాధుని యింట మూడునాళ్లును దాగియుండదు. స్నానము, పాదక్షాళనము, అన్నము – వీనితోబాటు మాటను గూడ వ్యాధుడు పరిచర్యలో నొక భాగముగ లెక్కించుటయు గమనింపదగినది. హస్తినాపురమున లోపించినది ఆ భాగమే. తన తల్లిదండ్రుల యనుమతి లేకయే ఇల్లు విడిచివచ్చిన కౌశికుని, శోకముచే చూపు గోల్పోయిన ఆ వృద్ధులకడకు మరలిపొమ్మని వ్యాధుడు బోధించుటతో కథ సార్థకమగుచున్నది.

ప్రేమయున్న చాలునా? చాలదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ యధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధద్రవ్యము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు మరల నాలుగు గుణములు: ఉపచారజ్ఞత, దక్షత, సేవింపబడువానియం దనురాగము, శౌచము. ఇందు అనురాగము నాలుగింటిలో నొకటి మాత్రమే. ఉపచారము తెలిసియుండవలెను, చేతికి నేర్పుండవలెను, శుభ్రత యుండవలెను. పడకనున్నవారిని నొప్పి కలుగకుండ ప్రక్కకు తిప్పుట, పుండ్లు పడకుండ పడకను చూచుకొనుట, మ్రింగుట కష్టమైనవారికి కూర్చుండబెట్టి కొంచెముకొంచెముగ తినిపించుట – ఇవి అభ్యాసముచే వచ్చు విద్యలు. పరిచారకుని వైద్యునితోబాటు చికిత్సాపాదముగ గణించుటచే, ఆ పనికి ప్రాచీనులిచ్చిన స్థానమును మనము గ్రహింపవచ్చును. ఇంటిలో నీ పని చేయువారికి నేడు మనమట్టి స్థానమిచ్చుచున్నామా యనునది వేఱు ప్రశ్న.

ఆ ప్రశ్న స్త్రీలకు సంబంధించినది. కావ్యములలో పితృభక్తికీర్తి కొడుకులదే. చేతులు మాత్రము పెక్కుచోట్ల కోడండ్రవి, కూతుండ్రవి. గాంధారికి పరిచర్య చేసినవారు కుంతీద్రౌపదులు. కీర్తి ధర్మరాజునకు వచ్చెను. 16వ శతాబ్దిలో తెనాలి రామకృష్ణుడు రచించిన పాండురంగమాహాత్మ్యమునందలి నిగమశర్మోపాఖ్యానము మఱియొక నిదర్శనము. కొడుకు దుర్వ్యసనములపాలై తల్లిదండ్రులను దుఃఖపెట్టుచుండగా, అత్తవారింటినుండి వచ్చి, ఇల్లు చక్కదిద్దజూచి, వృద్ధులైన తల్లిదండ్రులను తలచుకొమ్మని తమ్మునికి బుద్ధిచెప్పినది అతని యక్క. ఆమె సొమ్ములను గూడ అపహరించి తమ్ముడు పాఱిపోయెను. తెలుగుకావ్యములలో నింత సజీవమైన పాత్ర అరుదని విమర్శకులు మెచ్చిన యామెకు కవి పేరు పెట్టలేదు. ఆమె నిగమశర్మ యక్కగనే మిగిలిపోయెను. ముసలివారిని కనిపెట్టుకొని యున్న యాడుబిడ్డలెందఱో మన సామాజికచరిత్రయందును ఇట్లే పేరు లేక మిగిలిరి.

ఈ విషయమున నేటి చట్టములు సాహిత్యముకంటె ముందడుగు వేసినవి. 1956లో వచ్చిన హిందూ దత్తత, భరణముల చట్టము వృద్ధులైన, అశక్తులైన తల్లిదండ్రులను పోషించు బాధ్యతను కొడుకుపైనను, కూతుపైనను సమానముగ నుంచినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను అన్ని మతములవారైన తల్లిదండ్రులకును భరణమును కోరు హక్కునిచ్చినది. ఆ సెక్షనుక్రింద కుమార్తెయు బాధ్యురాలే యని 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి ఆ విధి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనుగ మాఱినది. వీనికన్న విస్తృతమైనది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము. అరువదేండ్లు నిండినవారు దీనియందు వయోవృద్ధులు. భరణమునకై వారు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. తమ్ము చూచుకొనవలెనను నియమముతో నిచ్చిన ఆస్తిని, ఆ నియమము తప్పినపుడు రద్దుచేయించుకొనవచ్చును. వృద్ధులను దిక్కులేకుండ విడిచిపెట్టినవారికి మూడునెలల వఱకు కారాగారము గాని, 5,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఈ చట్టముయొక్క ప్రయోజనమును మేము తక్కువ చేయము. అన్నమే లేనివారికి శుశ్రూషను గూర్చి ఉపన్యసించుట క్రూరము. ఐనను అందలి నిర్వచనమును పరిశీలింపుడు. భరణమనగా ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యసహాయము, చికిత్స. ఈ పట్టికలోని ప్రతివస్తువును ధృతరాష్ట్రునకు హస్తినాపురమున సమృద్ధిగ నుండెను. ఆయన నేటి ట్రిబ్యునలు నాశ్రయించి భరణము కోరినచో, ధర్మరాజు లోపము చేసెనని చూపుట కష్టము. ఇది చట్టముయొక్క దోషము గాదు, దాని యెల్ల. ఆజ్ఞాపింపదగినదానినే చట్టము ఆజ్ఞాపింపగలదు. పోషణమును ఆజ్ఞాపింపవచ్చును. వినగోరుటను ఆజ్ఞాపింపరాదు, నేర్పవలసియున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువదేండ్లు, అంతకు పైబడినవారు సుమారు 10.4 కోట్లు, నూటికి 8.6 వంతు. ఆంధ్ర, తెలంగాణములందు పెక్కు కుటుంబముల బిడ్డలు దూరనగరములలోను, విదేశములలోను నున్నారు. వారు ధనము పంపుచున్నారు, జీతమిచ్చి పరిచారకులను నియమించుచున్నారు, మందులు సమకూర్చుచున్నారు. వారిని కృతఘ్నులనుట న్యాయము గాదు. వారు ధర్మరాజువంటి వారు. అందుచేతనే ధర్మరాజునకు కలిగిన కొఱత వారికిని కలుగకుండ జాగ్రత్తపడవలసియున్నది. దగ్గఱ లేనివాడు కనీసము అడుగవలెను, అడిగి వినవలెను, “బాగుగనే యున్నాము నాయనా” యను మాటతో తృప్తిపడక, దగ్గఱనున్నవారిని గూడ విచారింపవలెను. ముసలివారు దాచుదురు. ధృతరాష్ట్రుడు దాచెను. జీతమునకు చేయు పరిచారకుల యెడను గౌరవము చూపవలెను. ఏలయన ముసలివారి చెంత గాంధారివలె నున్నవారు వారే.

తుదకు పరిశోధకవిద్యార్థులకు ఒక సూచన. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశమునందు వ్యవసాయపదములు 1962లోను, చేనేతపదములు 1971లోను వెలువడినవి. నాగలికి, మగ్గమునకు సంబంధించిన మాటలు అట్లు రక్షింపబడినవి. ఇంట ముసలివారిని, మంచాన పడినవారిని సాకుట వృత్తిగ లెక్కకు రాలేదు గనుక, దాని పదజాలమును సేకరింపవలసిన పని మిగిలియున్నది. తినిపించుటకు, ప్రక్కకు ఒత్తిగిలజేయుటకు, ఒడలు తుడుచుటకు, చేయిపట్టి నడిపించుటకు, వినవచ్చీ వినరాని మాటను పోల్చుకొనుటకు మన పల్లెలలో నేయే మాటలున్నవో జిల్లాలవారీగ సేకరింపవలెను. ఆ మాటలు పురుషులవద్దకంటె స్త్రీలవద్దను, గ్రంథములయందుకంటె పడకగదులలోను ఎక్కువగ దొరకును. సేకరించువారు చేయవలసిన మొదటిపని కూర్చుండి వినుట. శుశ్రూషాశబ్దమునకు మొదటి యర్థము అదియే గదా.